నిజం చెప్పిన రెండు థర్మామీటర్లు

1995 జూన్‌లో నన్ను హైదరాబాదు నుంచి బెంగళూరుకు బదిలీ చేశారు. హోదా టెక్నికల్ ఆఫీసర్. చేరవలసిన చోటు ఒక పరీక్షా ప్రయోగశాలలోని ఉష్ణోగ్రత విభాగం. అక్కడ మా పని కాలిబ్రేషన్. అంటే, నమ్మకమైన థర్మామీటరు పక్కన నమ్మకం తేలని థర్మామీటరును నిలబెట్టి, రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అని చూడటం. మాట కలిస్తే ఒక సర్టిఫికెట్, కలవకపోతే తేడా ఎంతో రాసిన మరో సర్టిఫికెట్. బి.ఎస్‌సి. డిగ్రీని సెకండ్ క్లాసు అంచు పట్టుకుని గట్టెక్కించినవాణ్ణి ఊరందరి డిగ్రీలూ సరిచూసే కుర్చీలో కూర్చోబెట్టారని మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ నన్ను దింపలేదు.

మా విభాగాధిపతి మేరీ సుగుణ గారు, సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్. గుంటూరు మనిషి. గంజిపెట్టిన నేత చీర, మెడలో సన్నని గొలుసుకు శిలువ, దాని పక్కనే నల్లదారానికి వేలాడే చిన్న భూతద్దం. రెండింటిలో ఆవిడ దేన్ని ఎక్కువ నమ్మేవారో మాకెవరికీ తెలియదు. అవసరాన్ని బట్టి చెయ్యి దేని మీదికైనా వెళ్ళేది.

చేరిన రోజే ఆవిడ నన్ను పిలిచి, ప్రయోగశాల గదిలో ఎంత ఉందని అడిగారు. గోడమీది థర్మామీటరు చూసి, ఇరవై మూడు మేడమ్ అన్నాను.

"ఇరవై మూడు ఏవిటండీ మూర్తిగారూ? అరటిపళ్ళా?"

డిగ్రీలన్నాను. ఎవరి డిగ్రీలన్నారు. సెల్సియస్ డిగ్రీలని ఒప్పుకున్నాక గానీ కూర్చోమనలేదు. ఆవిడ దగ్గర యూనిట్ లేకుండా అంకె పలకడం చెప్పుల్లేకుండా ఎండలో నడవడం లాంటిది, కాలేది మనకే. క్యాంటీన్ కుర్రాడికి "రెండు" అని చెప్పి ఊరుకున్న మా స్టోర్‌కీపర్‌ను కూడా, రెండు ఏవిటో చెప్పమని ఆవిడ నిలదీయడం నేను చూశాను. కాఫీలని తేలాక తనకూ ఒకటి చెప్పమన్నారు.

ఆ పట్టుదల అతి అనిపించేది మొదట్లో. కానీ మన దేశంలో ఉష్ణోగ్రత పరిస్థితి అలాంటిది. ఒకే మనిషి ఒళ్ళు కాలితే ఫారెన్‌హీట్‌లో మాట్లాడతాడు, ఊరు కాలితే సెల్సియస్‌లో మాట్లాడతాడు. మా దగ్గరికి వచ్చే కొలిమి మీటర్లలో కొన్ని అమెరికావి, కొన్ని జర్మనీవి. ఒకదాని వెయ్యికీ ఇంకోదాని వెయ్యికీ పొంతన ఉండదు. ఫారెన్‌హీట్ అంకెలోంచి ముప్పై రెండు తీసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. ఈ ముక్క నేను నిద్రలో కూడా చెప్పగలను. మా ఆవిడ సాక్ష్యం ఉంది.

దీనికి తోడు బెంగళూరు ఎత్తు. ఊరు సముద్రమట్టానికి బాగా పైన ఉండటంతో ఇక్కడ నీళ్ళు నూరు డిగ్రీల దాకా ఆగవు, తొంభై ఏడు సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. అన్నీ ఆలస్యంగా జరిగే నగరంలో వేళకు ముందే తెమిలేది నీళ్ళొక్కటే. అందువల్ల బెంగళూరు కాలిబ్రేషన్ వాళ్ళకి ఒక అలవాటు పడిపోయింది. ఏ థర్మామీటరు మరిగే నీళ్ళలో తక్కువ చూపినా, "ఎత్తండీ, ఎత్తు" అనేసి ఊరుకోవడం. నేనూ ఆ ఎత్తు త్వరగానే నేర్చుకున్నాను.

ఆ రోజుల్లోనే ఊళ్ళో చిన్న పరిశ్రమలన్నిటికీ ఐఎస్ఓ జ్వరం పట్టింది. నాణ్యతా ధ్రువపత్రం కావాలంటే కార్ఖానాలోని ప్రతి మీటరుకూ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. సలహాదారులు వచ్చి పాత మీటర్లన్నీ పీకించి, కొత్తవి పెట్టించి, వాటిని మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. అలా ఆనేకల్ దగ్గరి ఒక పట్టు మిల్లు వాళ్ళ డిజిటల్ మీటరు 1996 వేసవిలో మా బల్ల మీదికి వచ్చింది. పరీక్షించాం, బాగుంది, సీలు వేశాం.

దసరా దాటాక ఆ మిల్లు యజమాని లక్ష్మీపతి శెట్టిగారు స్వయంగా వచ్చారు. తరతరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, నగర్తపేటలో వాళ్ళకు పట్టుదారం అంగడి ఉంది. మనిషి పెద్దమనిషే, ఆ రోజు మాత్రం ముఖం కందగడ్డలా ఉంది. కొత్త మీటరు పెట్టినప్పటి నుంచి మిల్లులో ఎండబెట్టిన పట్టుగూళ్ళు బూజు పడుతున్నాయట.

"మీ మీటరా, మా మనిషా? రెండిట్లో ఒకటి చెడిపోయి ఉండాది. ఏదో మీరే చెప్పండి. మీటరైతే మార్చేస్తా. మనిషైతే మనిషిని మార్చేస్తా" అన్నారాయన.

ఫిర్యాదు మీద వెళ్ళి చూసి నివేదిక ఇచ్చే పని మేడమ్ నాకు అప్పజెప్పారు.

పట్టుగూళ్ళు ఎండబెట్టడమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. గూటిలో పురుగు ఉంటుంది. గూళ్ళు కొన్న వెంటనే దారం తీయకుండా నిలవ చేయాలంటే ముందు వేడిగాలితో పురుగును చంపాలి, ఆ తర్వాత దాన్ని లోపలిదాకా ఎండబెట్టాలి. చచ్చి తడిగా మిగిలితే అది కుళ్ళుతుంది, గూడు మరకపడుతుంది, దారం తెగుతుంది. అందుకే గూళ్ళను ఇనప అరలున్న పెద్ద గదిలో పేర్చి, మొదట బాగా వేడిగాలి పంపి, గంటగంటకూ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. వేడి మరీ ఎక్కువైతే పట్టు మాడుతుంది, తక్కువైతే పురుగు మాగుతుంది. శెట్టిగారి మిల్లులో ఆ గది వాళ్ళ తాత ఇటలీ నుంచి తెప్పించినది. కింద కట్టెల పొయ్యి, పైన గూళ్ళు.

ముప్పై ఏళ్ళుగా ఆ పొయ్యి చూసుకునేది మునివెంకటప్ప. అంతకుముందు వాళ్ళ నాన్న చూసేవాడు. మిల్లు ఆవరణలోనే రెండు గదుల ఇల్లు. ఎర్రగా కాలిన ముంజేతులు, తెల్లటి మీసం, ఎవరికీ తగ్గని నోరు. నేను జీపు దిగి పెట్టెలు దించుకుంటుంటే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంత సామాను తెచ్చినావు, పెండ్లి విడిదికి వచ్చినట్ల. వైద్దుడివి నువ్వేనా?"

మీటరుకు వైద్యుణ్ణని చెప్పాను.

"అట్లయితే సరే. మనిషికేమోనని భయపడినా."

నా పెట్టెల్లో ముఖ్యమైనది ప్లాటినం థర్మామీటరు. ప్లాటినం తీగ వేడెక్కే కొద్దీ విద్యుత్తుకు అడ్డుపడటం పెరుగుతుంది. ఆ అడ్డును కొలిచి ఉష్ణోగ్రత చెప్పే పరికరం అది. లాబ్ దాటి కార్ఖానాలకు వెళ్ళినప్పుడు మాకు అదే ప్రమాణం. బయలుదేరేముందూ, తిరిగి వచ్చాకా దాన్ని నలగ్గొట్టిన మంచులో పెట్టి సున్నా చూపుతోందని తేల్చుకోవాలి. దారిలో కుదుపులకు అది మాట మార్చలేదనడానికి అదే రుజువు. గదిలో మిల్లు మీటరు కొన పక్కనే నా ప్లాటినం కొన కట్టాను. వేడి పెరుగుతున్నప్పుడు కొన్ని రీడింగులు, తగ్గుతున్నప్పుడు కొన్ని రీడింగులు తీసుకున్నాను. కొన్ని మీటర్లు ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఇంకో మాట చెబుతాయి గనక ఈ జాగ్రత్త. మిల్లు మీటరు ఎక్కినా దిగినా అర డిగ్రీ లోపే ఉంది. ఇంతకన్నా నిజాయితీ గల మీటరును నేను ఆ ఏడాది చూడలేదు.

ఆ మాట చెప్పగానే శెట్టిగారు మునివెంకటప్ప వైపు తిరిగారు.

"విన్నావా మునెంకటప్పా? మీటరు సరిగ్గా ఉండాదంట. ఇంక తప్పు యాడుండాది? నీ కండ్లలోనా, నీ నిద్దర్లోనా?"

"మీటర్లో లేదంటే లేదు సామీ. నాలో కూడా లేదు. ఎనభై ఎనిమిదికి ఎక్కిస్తాను, నలభై ఎనిమిదికి దించుతాను. మా నాయిన చెప్పిన లెక్క. మీ నాయినకు మా నాయిన ఇదే లెక్కతో ఎండబెట్టి ఇచ్చినాడు. అప్పుడు లేని బూజు ఇప్పుడు యాడనించి వచ్చె?"

"కట్టెలు సగానికి సగం మిగులుతుండాయి. పొయ్యిలో పెట్టకపోతే మిగలక ఏమవుతాయి?"

"మిగిలితే మొదట్లో నువ్వే కదా భేష్ అన్నావు?"

ఆ మాటతో శెట్టిగారికి కోపం ఇంకా పెరిగింది. లాబ్ నివేదిక చేతికి రాగానే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని, నివేదిక వచ్చేదాకా మాత్రం పొయ్యి ముట్టించొద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

మునివెంకటప్ప నా పెట్టెలు జీపులో పెట్టించాడు. వేలితో పురుగును నలిపి చూసే పద్ధతి ఒకటి ఉంటుందని విన్నాను, అది చూడలేదా అని అడిగాను. బాగా ఎండిన పురుగు పొడి కావాలి, తడి మిగిలితే ముద్దవుతుంది.

"చూడకేమప్పా? ముద్దగానే తగులుతా ఉండె. కానీ మీటరు మీద గవర్మెంటు సీలు ఉండాది. నా వేలు మీద ఏముండాది? ముసలోడినయినా, వేలు చెడిపోయినాదేమో అనుకుంటి." జీపు తలుపు వేస్తూ, "కొలువు పోతే ఈ ఇల్లూ ఖాళీ చెయ్యాల. చూసి రాయప్పా" అన్నాడు. బతిమాలినట్టు లేదు, పెట్టెలు జాగ్రత్త అని చెప్పినట్టే ఉంది.

మర్నాడు నివేదిక రాశాను. మా నమూనాలో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు: పరికరం పరిమితుల్లో ఉంది, ఫిర్యాదుకు ఆధారం లేదు, ఇట్లు. ఆ మూడు ముక్కల్లో ఒక మనిషి కొలువూ ఇల్లూ పోతాయని తెలుసు. కానీ మీటరు సరైనదైనప్పుడు సరికాదని రాయలేను కదా. కాగితం మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ చదివి, కలం మూత పెట్టేశారు.

"ఫిర్యాదు దేని మీదండీ?"

"మీటరు మీద మేడమ్."

"కాదు. గూళ్ళ మీద. గూళ్ళు బూజు పట్టాయన్నది ఫిర్యాదు. మీటరు మంచిదని మీరు రాశారు, సంతోషం. మరి గూళ్ళ సంగతి?"

మీటరు మంచిదైతే ఆపరేటర్ పొరపాటే అయి ఉండాలని శెట్టిగారు అంటున్నారని చెప్పాను. కట్టెలు మిగిలిన సంగతీ చెప్పాను.

"కట్టెలు ఎప్పట్నుంచి మిగులుతున్నాయి?"

కొత్త మీటరు పెట్టినప్పటి నుంచి.

"ఆ మనిషి నిద్దరపోవడం కూడా సరిగ్గా అదే రోజు మొదలుపెట్టాడా? ముప్పై ఏళ్ళు మెలకువగా ఉండి, మన సీలు చూడగానే నిద్దరొచ్చిందా?" అన్నారు. "అంతకుముందు అక్కడ ఏ మీటరు ఉండేది?"

ముల్లు తిరిగే పాత డయలు థర్మామీటరేదో ఉండేదట, సర్టిఫికెట్ లేదని సలహాదారుడు తీయించేశాడట. ఆ డయలు తెప్పించమన్నారు మేడమ్. నివేదిక అప్పటిదాకా ఆగుతుందన్నారు.

డయలు తెప్పించడం అనుకున్నంత తేలిక కాలేదు. శెట్టిగారి మిల్లులో పనిలోంచి తీసేసిన పనిముట్టును పారేయరు. ఆయుధపూజ నాడు పూజ చేసి దేవుడి గూట్లో పెడతారు. అప్పటి నుంచి అది పనిముట్టు కాదు, దేవుడి సామాను. దాన్ని లాబ్‌కు పంపడమంటే శెట్టిగారి తల్లిగారు ఒప్పుకోవాలి, మంగళవారం కాకూడదు, కొత్తవాళ్ళ చేతికి ఇవ్వకూడదు. చివరికి మునివెంకటప్పే తెచ్చాడు, ఆనేకల్ బస్సులో, ఉతికిన తుండుగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని.

విప్పితే పళ్ళెమంత డయలు, దాని వెనక మూరెడు ఇత్తడి కాడ. ముఖం నిండా పసుపు, కుంకుమ, విభూతి. మూడు తరాల ఆయుధపూజలు అంకెల్ని మాత్రం మిగిల్చి, మిగతా రాతనంతా అరగదీశాయి. తయారీదారు పేరు గానీ, ఏ దేశమన్నది గానీ, ఏ కొలమానమన్నది గానీ ఏమీ లేదు. మేడమ్ భూతద్దం పెట్టి అంచులన్నీ వెతికారు. భక్తి తప్ప ఏమీ కనబడలేదన్నారు.

పరీక్ష జరుగుతున్నప్పుడు బయటివాళ్ళు గదిలో ఉండకూడదని మా నిబంధన. మేడమ్ స్టూలు తెప్పించి మునివెంకటప్పను కూర్చోమన్నారు. దేవుడితో వచ్చినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం ఏ నిబంధనలోనూ లేదని నాతో అన్నారు.

మొదట మంచు. కాడను మంచుగుజ్జులో దించి కాసేపు ఆగితే ముల్లు సున్నా మీద నిలబడింది. తర్వాత మరిగే నీళ్ళు. ముల్లు ఎక్కి ఎక్కి డెబ్బై ఏడున్నర దగ్గర ఆగిపోయింది.

"ఎత్తు మేడమ్" అన్నాను అలవాటుగా. "మన ఊళ్ళో తొంభై ఏడే కదా. మిగిలిన ఇరవై వయసు."

"వయసు మీద పడితే సున్నా దగ్గర కూడా తడబడాలి గదండీ. సున్నాకి నిక్కచ్చిగా నిలబడిందే!" అన్నారు మేడమ్. "నూనెతొట్టి పెట్టండి."

నూనెతొట్టి అంటే నూనెను కలియదిప్పుతూ కావలసిన ఉష్ణోగ్రత దగ్గర కదలకుండా నిలబెట్టే పరికరం. అందులో ప్లాటినాన్నీ డయలునూ జంటగా దించి, యాభై సెల్సియస్‌కు తెచ్చాం. డయలు నలభై చూపింది. అరవైకి తెస్తే నలభై ఎనిమిది. నూటపదికి తెస్తే ఎనభై ఎనిమిది. చల్లారుతూ దిగేటప్పుడు కూడా అవే. నేను రీడింగులు పలుకుతుంటే మేడమ్ రాయడం మానేసి డయలునే చూస్తున్నారు. ఆ చూపు నేను ఎన్నడూ ఏ మనిషి మీదా పడగా చూడలేదు.

"చెడిపోయిన మీటరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తప్పు చెబుతుంది మూర్తిగారూ. ఇది ఎక్కడ అడిగినా కచ్చితంగా అయిదింట నాలుగు వంతులే చెబుతోంది. ఇంత క్రమశిక్షణగా ఎవరూ అబద్ధం చెప్పలేరు. ఇది వేరే భాషలో నిజం చెబుతోంది. నీళ్ళు గడ్డకట్టేది సున్నా, మరిగేది ఎనభై. గుర్తొచ్చిందా?"

గుర్తొచ్చింది. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో సెల్సియస్, ఫారెన్‌హీట్‌ల పక్కన మూడోదొకటి ఉండేది: రోమర్ కొలమానం. మా లెక్చరర్ రోమర్ అంటే వెనకబెంచీ రూమర్ అనేది. పరీక్షలో ఒక లెక్కకు తప్ప అది ఎక్కడా తగలలేదు గనక వెనకబెంచీ మాటే నిజమని ఇన్నాళ్ళూ నమ్మాను. ఒకప్పుడు యూరపులో, ముఖ్యంగా పట్టు పనుల్లో, వాడేవారని మేడమ్ చెప్పారు. ఇటలీ నుంచి గది తెచ్చిన తాతగారు దాని డిగ్రీలను కూడా దానితోపాటే తెచ్చారు. రోమర్ అంకెను అయిదుతో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే సెల్సియస్. ముప్పై రెండు తీసే పని కూడా లేదు.

ఆవిడ మునివెంకటప్ప వైపు తిరిగి, మీ నాన్నగారి లెక్క ఇంకోసారి చెప్పమన్నారు.

"ఎనభై ఎనిమిదికి ఎక్కించాల, నలభై ఎనిమిదికి దించాల తల్లీ."

మేడమ్ బోర్డు మీద రాశారు. ఎనభై ఎనిమిదికి ఎదురుగా నూటపది. నలభై ఎనిమిదికి ఎదురుగా అరవై. మీటరు మారిన రోజు నుంచి ఆ గదికి చేరాల్సిన వేడిలో మొదట్లో ఇరవై రెండు డిగ్రీలు, చివర్లో పన్నెండు డిగ్రీలు తక్కువ పడుతూ వచ్చాయి. కట్టెలు మిగిలింది అందుకే, పురుగు ముద్దగా తగిలింది కూడా అందుకే.

"మీ వేలు బాగానే ఉందండీ" అన్నారు మేడమ్ అతనితో.

మునివెంకటప్ప చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంటూ కాసేపు బోర్డు వైపు చూశాడు. "ఇది శెట్టికి చెప్పేదెవురు తల్లీ? నేను చెప్తే నమ్మడు. నూటపదికి ఎక్కిస్తానంటే మిల్లు తగలబెడతా ఉండాడని కేకలేస్తాడు" అన్నాడు.

శెట్టిగారు కేకలు వేయనే వేశారు. మరుసటివారం మేడమ్ స్వయంగా ఆనేకల్ వచ్చారు. ఆ హోదాలో ఉన్నవాళ్ళు ఒక చిన్న ఫిర్యాదు కోసం కార్ఖానాకు రావడం మా ఆఫీసులో లేదు. రావాలని ఏ నిబంధనా లేదు కూడా. ఆ ఉదయమే కొన్న పచ్చిగూళ్ళు కొద్దిగా అరల్లో పేర్చి పెట్టి ఉన్నాయి. నూటపది అని వినగానే శెట్టిగారు పొయ్యికి అడ్డంగా నిలబడ్డారు.

"నూరు దాటితే పట్టు మాడి మసైపోతాదమ్మా! నీళ్ళే మరిగిపోయే వేడి అది!"

"ముప్పై ఏళ్ళుగా మీరు ఈ వేడే ఇస్తున్నారండీ. పేరు ఒక్కటే ఎనభై ఎనిమిది" అన్నారు మేడమ్.

"మాడితే?"

"మాడితే ఈ విభాగం అధిపతి చెప్పబట్టి మాడాయని మా పైవాళ్ళకి రాయండి. నా పేరు స్పెల్లింగు మూర్తిగారు చెబుతారు."

ప్రభుత్వోద్యోగంలో నేను విన్న వాక్యాల్లో ఇలాంటిది ఇంకోటి లేదు. సాధారణంగా మేము పేర్లు లేకుండా, క్రియలకు కర్తలు లేకుండా రాస్తాం. "గమనించడమైనది", "తిరస్కరించడమైనది" అంటాం. ఎవరు గమనించారో, ఎవరు తిరస్కరించారో దేవుడికీ తెలియదు. శెట్టిగారు పక్కకు తప్పుకున్నారు.

మునివెంకటప్ప పొయ్యి ముట్టించాడు. పూర్వంలాగే కట్టెలు పెట్టాడు. కొత్త మీటరు తొంభై దాటింది, నూరు దాటింది, నూటపదికి వచ్చి నిలిచింది. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు కొందరు గుమ్మం దగ్గర చేరారు. మేడమ్ కుర్చీ వద్దని, కొంగు నడుముకు చుట్టుకుని మీటరు పక్కనే నిలబడ్డారు. నేను బోర్డు మీది లెక్క చేతిలో కాగితం మీద పట్టుకుని, ప్రతి మెట్టూ దిగేటప్పుడు సెల్సియస్ అంకె చదివాను. మునివెంకటప్ప మీటరు కంటే ముందే దాన్ని రోమర్‌లో పలికేవాడు. ఆ మధ్యాహ్నం నేను చేసిన పనల్లా ఆయన చెప్పినదాన్ని అనువాదం చేయడమే.

సాయంత్రానికి అరవైకి దించి, చల్లారనిచ్చి, ఒక అర బయటికి లాగారు. గూళ్ళు తెల్లగా, పొడిగా, చేతికి తేలిగ్గా ఉన్నాయి. మునివెంకటప్ప ఒక గూడు కోసి పురుగును తీయబోతే మేడమ్ ఆపి, శెట్టిగారినే నలపమన్నారు. ఆయన కొంచెం సంకోచించి వేళ్ళ మధ్య పెట్టి నొక్కారు. గోధుమరంగు పొడి ఆయన పంచె మీద రాలింది. ఇంకో అరలోంచి ఇంకొకటి తీసి నలిపారు. అదీ పొడే.

శెట్టిగారు పంచె దులుపుకున్నారు.

"పొడి అయింది మునెంకటప్పా."

"అయింది సామీ. ఇంక నా నిద్దర సంగతి ఏమంటావు?"

"నిద్దరపో అప్పా. ఈ పొద్దు ఇంటికి పోయి బాగా నిద్దరపో. రేపు బేగ రా, సంతలో మిగిలిండే గూళ్ళన్నీ తెప్పిస్తాను" అన్నారు శెట్టిగారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం పొయ్యి వైపు ఉంది. కానీ ఆడవాళ్ళంతా ఉండగా, అందరికీ వినబడేలా చెప్పారు. ఆ కుటుంబపు మర్యాద అది.

తిరిగి వచ్చాక నివేదిక మళ్ళీ రాయాలి. నమూనాలో సెల్సియస్ గడి ఒక్కటే ఉంది. దాని ప్రకారం పాత డయలు ఇరవై శాతం తప్పు, తిరస్కరించాలి. మేడమ్ ఆ గడి కొట్టేసి, డయలు రోమర్ కొలమానంలో సరిగ్గా ఉందని రాశారు. కొత్త మీటరు సెల్సియస్‌లో సరిగ్గా ఉందని రాశారు. మీటరు మార్చినప్పుడు అంకెలు ఒకదాన్నుంచి ఇంకోదానికి వచ్చాయి, కొలమానం రాలేదని రాశారు. ఆఖర్న, ఆపరేటర్ తనకు అప్పజెప్పిన ఉష్ణోగ్రతలను తప్పకుండా పాటించాడని ఒక వాక్యం చేర్చారు.

మనం పరీక్షించేది పరికరాలను గదా, మనుషుల గురించి రాయవచ్చా అని అడిగాను.

"ఆయన మీద అనుమానం మన సీలు వల్లే వచ్చిందండీ. పోవాల్సిందీ మన సీలుతోనే" అన్నారు ఆవిడ, ముద్ర వేస్తూ.

ఆ ఏడాది నుంచి మా నమూనాలో ఒక గడి పెరిగింది: కొత్త పరికరం రాకముందు అక్కడ ఏ పరికరం, ఏ కొలమానం వాడేవారు? చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసేవారు. మేడమ్ ఉన్నంతకాలం ఖాళీగా వచ్చినవన్నీ వెనక్కి వెళ్ళేవి. ఆవిడ తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చున్నాక కూడా వెళ్ళేవి. ఆవిడంత హుందాగా వెనక్కి పంపడం మాత్రం నాకు చేతకాలేదు.

అంకెను ఒక కొలమానంలోంచి ఇంకో దానిలోకి మార్చడం లెక్కల పని, అది ఎవరైనా చేస్తారు. మార్చవలసిన అవసరం ఉందని గుర్తించడం మాత్రం వృత్తి. సరైన రెండు పరికరాల మధ్య కూడా తప్పు పుట్టగలదు. దాన్ని పరికరంలో వెతికితే దొరకదు. మనిషిలో వెతికితే దొరికినట్టే కనిపిస్తుంది. ఆ రెండో చోట ఆగిపోకూడదన్నది నేను ఆనేకల్‌లో నేర్చుకున్న పని.